గోడమనిషి మోకాలు

సినిమాలో హీరో నడుస్తుంటే వినబడే అడుగుల చప్పుడు హీరోది కాదు. ఈ మాట చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ. షూటింగులో ఆయన నిజంగానే నడుస్తాడు, ఎవరు కాదన్నారు! కానీ అక్కడ జనరేటరు మోత, అసిస్టెంట్ల కేకలు, ఎవడో ఒకడి దగ్గు. ఆ చప్పుడంతా తీసి పారేసి, తరవాత ఒక మూసిన గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, ఆయన అడుగు పడినప్పుడల్లా ఇంకెవరో అడుగు వెయ్యాలి. ఆ ఇంకెవరో మన అడుగులక్క.

కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ముప్ఫై ఏళ్లుగా స్టూడియోలో అందరికీ ఆవిడ అడుగులక్కే. పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్లు, మాట మాత్రం రెండు గదులవతలికి వినిపిస్తుంది. ఆవిడ పనిచేసే గది చూస్తే ఎవరైనా పాతసామాన్ల కొట్టు అనుకుంటారు. నేలంతా గళ్లు గళ్లుగా చేసి ఒక గడిలో ఇసక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో చెక్క, ఒకదాంట్లో రేకు, ఇంకోదాంట్లో ఉత్త సిమెంటు. గోడ పొడుగునా అరవై జతల చెప్పులూ బూట్లూ. పెళ్లికూతురైనా, దొంగైనా, దండెత్తి వచ్చే సైన్యమైనా ఆ అరవై జతల్లోంచే రావాలి.

అద్దం అవతల కూర్చుని ఆ చప్పుళ్లు పట్టేవాడు రికార్డిస్టు. నలభై దాటినవాడు, అక్క చేతికింద పని నేర్చుకున్నవాడు. తెరమీద పేర్లలో అక్క పేరు ఎప్పుడూ పడదని అక్క కంటే అతనికే ఎక్కువ బాధ. అక్కకి ఆ పట్టింపు లేదు. కానీ ఇంకో పట్టింపు ఉంది, అది మాత్రం ఉడుం పట్టు. సినిమా పూర్తయ్యాక తన అడుగుల్ని విడిగా పట్టిన ట్రాకులన్నీ చెరిపెయ్యాలి. తన కళ్లముందే చెరపాలి.

దానికీ కారణం లేకపోలేదు. ఆవిడ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పెద్దమనిషి ఆవిడ ఒక సినిమాకి నడిచిన నడకని కత్తిరించి, ఆవిడకి చెప్పకుండా మరో ఏడు సినిమాల్లో అతికించాడు. ఒక హాల్లో కూర్చుని చూస్తుంటే, పల్లెటూరి ముసలమ్మ కాళ్లలోంచి తన పాత పోలీసు బూట్లు వినిపించాయట! అరికాలి మంట నెత్తికెక్కింది అక్కకి. ఆ రోజునుంచీ అదే ఒప్పందం. "మనిషి మనిషికీ కొత్తగా నడుస్తాను. పాత అడుగు అతికిస్తే మీ గదిలో అడుగు పెట్టను." సినిమా అయిపోగానే రికార్డిస్టు పక్కన కుర్చీ వేసుకుని, చెరిపే మీట తనే నొక్కి, తీరిగ్గా ఒక కప్పు టీ తాగి ఇంటికెళ్లేది.

గోడమనిషి మొదటి భాగం అయ్యాక కూడా అలాగే నొక్కింది. అలాగే టీ తాగింది.

గోడమనిషి కథ మీకు చెప్పాలి. చిన్న సినిమా అది, ఎవరికీ ఆశల్లేవు. డైరెక్టరు కుర్రవాడు, అదే తొలి సినిమా. అందులో వీరుడు ఎగరడు, కళ్లలోంచి నిప్పులు కక్కడు. ఆరంతస్తుల పాత మేడకి కాపలావాడు. ఒకసారి కాలు ఊని నిలబడ్డాడంటే వరదొచ్చినా లారీ గుద్దినా కదలడు, అంతే అతని మహిమ. పై అంతస్తులో పిల్లలు చిక్కుకుపోతారు, మేడ అంటుకుంటుంది, లిఫ్టు ఉండదు, వెలుగుండదు. తెరంతా చీకటి. ఆ చీకట్లో కింది మెట్లమీద ఒక అడుగు వినిపిస్తుంది. తరవాత ఇంకొకటి. డెబ్భై రెండు మెట్లు. మనిషి కనబడడు, కాళ్లు కనబడవు, పిల్లల మొహాలే కనబడతాయి. ఆ అడుగులు వింటూ పిల్లలు ఏడుపు ఆపేస్తారు.

పిల్లలే కాదు, హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. పత్రికల్లో రాసినవాళ్లంతా ఆ నడక గురించే రాశారు. నొప్పిని పంటికింద నొక్కిపెట్టి మెట్లెక్కుతున్న మనిషిని వింటున్నాం అన్నారు. డైరెక్టరు కుర్రవాడు ఒక ఇంటర్వ్యూలో, ఆ నడక కోసం ఏడాదిపాటు ఆలోచించానని కూడా చెప్పేశాడు. అక్క అది చదివించుకుని పకపకా నవ్వింది. ఆవిడ ఫైరింజనువాళ్ల పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని, ఒక్క మధ్యాహ్నంలో ఎక్కేసిన మెట్లు అవి.

చదివించుకున్నది ఎవరిచేతనంటే రికార్డిస్టు చేతే, ఎందుకంటే ఆవిడకి చదువు రాదు, ఇంట్లో చదివిపెట్టేవాళ్లు ఇప్పుడు లేరు. ఆవిడ భర్త ప్రూఫు మాస్టారు. అచ్చాఫీసులో ముప్ఫై అయిదేళ్లు తప్పులు దిద్దిన మనిషి. పెళ్లి శుభలేఖ ఇస్తే ఆశీర్వదించేముందు అందులో తప్పులు చూసేవాడు. అలాంటివాడికి కంటి నరాలు ఎండిపోయాయి. అయిదేళ్లుగా కొంచెం కొంచెంగా మసకబారి, ఇప్పుడు కిటికీ తెరిచుందా మూసుందా అన్నంత మటుకే తెలుస్తుంది. మొదటి భాగానికి అక్క ఆయన్ని చెయ్యిపట్టుకుని తీసుకెళ్లింది. చీకట్లో మెట్లమీద మొదటి అడుగు పడగానే ఆయన ఆవిడ మోచెయ్యి నొక్కి, "వస్తున్నావే!" అన్నాడు. ఆ ఒక్కమాటా ఆవిడ మూడేళ్లు దాచుకుంది.

ఆ మూడేళ్లలో అక్క కుడి మోకాలు మరీ మొండికేసింది. లోపల అరిగిపోయిందనీ, లోహపు కీలు వెయ్యాలనీ డాక్టరు ఎప్పటినుంచో అంటున్నాడు. వేయించుకుంది. నలభై రోజులు కర్రసాయం, తరవాత కర్ర కూడా పారేసింది. పదిహేనేళ్ల తరవాత నొప్పి లేకుండా వంటింట్లోంచి ముందుగదికి నడిచి రావడం ఎంత సంబరమో, పడ్డవాళ్లకే తెలుస్తుంది. టీ గ్లాసు పట్టుకుని హాయిగా, చిన్నపిల్లలా వచ్చింది. మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, తల కొంచెం వంచి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవరండీ? మా ఆవిడ లోపలుంది, పిలవమంటారా?"

అక్క మొదట నవ్వింది. తరవాత ఒళ్లు మండింది. "కళ్లు సరే, చెవులకేమొచ్చిందండీ మీకు? ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసినదాన్ని, అండీ గిండీ అంటారేమిటి?" అని కేకలేసింది. ఆయన బిక్కమొహం వేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పక్కగదిలోంచి ఆవిడ కదిలితే చాలు "ఎవరది?" అంటాడు. చెవుల డాక్టరుకి చూపిస్తే వినికిడి భేషుగ్గా ఉందన్నాడు. మరైతే ఏమిటి రోగం? మనిషికి మతి తప్పుతోందేమోనని అక్క లోలోపల బెంగపెట్టుకుంది.

అంతలో గోడమనిషి రెండో భాగం పనికి పిలుపొచ్చింది.

రెండో భాగం అంటే మాటలు కాదు కదా. మొదటిదానికి పదింతల ఆర్భాటం. గోడమనిషికి ఈసారి రెక్కలు పెట్టారు. ఎగరని మనిషని కదా జనం ప్రేమించింది, మళ్లీ రెక్కలెందుకు నాయనా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ముగ్గురు దుర్మార్గులు, కూలిపోయే వంతెనలు, పేలిపోయే ఓడలు. కానీ చివర్లో రెక్కలు విరిగి, మళ్లీ ఆ పాత మేడకే వస్తాడు. మళ్లీ చీకటి, మళ్లీ డెబ్భై రెండు మెట్లు. ఆ ఒక్క చోటా కథ కుదిరింది. "సినిమా అంతా దీని మీదే నిలబడాలక్కా," అని డైరెక్టరు చేతులు పట్టుకున్నాడు. మొదటి సినిమా నాటి నవ్వు ఆ కుర్రవాడి మొహంలో లేదు.

అక్క అవే ఫైరింజను బూట్లు తొడుక్కుంది, అవే గుడ్డలు కుక్కుకుంది, చెక్కమెట్లు ఎక్కి దిగి ఎక్కింది. మోకాలు పాట అందుకోవడం ఒక్కటే తక్కువ, అంత సుఖంగా ఉంది. అద్దం అవతల డైరెక్టరు విన్నాడు. మళ్లీ విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"అక్కా, వీడు గోడమనిషి కాడు. వీడెవడో మేడ చూసి పోవడానికి వచ్చినవాడు."

ముప్ఫై ఏళ్లలో ఆవిడని ఆ మాట అన్నవాళ్లు లేరు. "అవే బూట్లు, అవే కాళ్లు, మీ చెవిలోనే ఏదో ఉంది బాబూ," అంది. డైరెక్టరు మొదటి భాగం వేయించాడు. అక్క కళ్లు మూసుకుని వింది. అంతకుముందు వందసార్లు విన్నదే, కానీ నొప్పి ఉన్న కాలితో విన్నది. ఇప్పుడు నొప్పి లేని కాలితో వింటోంది. ఎడమ అడుగు నిండుగా పడుతోంది. కుడి అడుగు మాత్రం మెట్టు అంచుని కాస్త రాసుకుని, రవంత ఆగి, అప్పుడు దిగబడుతోంది.

"తమ్ముడూ, వీడు కుంటుతున్నాడేమిట్రా?" అంది.

రికార్డిస్టు నీళ్లు నమిలాడు. డైరెక్టరు కేసి చూశాడు, నేల కేసి చూశాడు. "వాడు కాదక్కా," అన్నాడు చివరికి. "మీరు. పదిహేనేళ్లుగా మీ నడకే అది. మొదట్లో అడ్డం పడుతుందని సరిచేసేవాణ్ని. ఈ సినిమాకి మాత్రం చెయ్యబుద్ధి కాలేదు. మీకు తెలిసే చేస్తున్నారనుకున్నాను."

ఊళ్లో వాళ్లందరి నడకా చెవితో పట్టే మనిషికి తన నడక తెలియలేదు. అక్క బూట్లతోనే ఇసక గట్టుమీద కూలబడింది. ముప్ఫై ఏళ్ల విద్య అనుకున్నది అరిగిపోయిన ఎముకా? జనం ఏడ్చింది దానికా? అంతకంటే పెద్ద దెబ్బ ఆ వెంటనే తగిలింది. ఇంట్లో మాస్టారు మతి తప్పలేదు. ఆయనకి తెలిసిన అడుగు ఆసుపత్రిలో ఊడదీసి పారేశారు, అంతే. కిటికీ వెలుగు తప్ప ఇంకేమీ మిగలని మనిషికి, భార్య అంటే ఆ చప్పుడే. 

"సరే అయితే, పాత ట్రాకు తీసి వేసెయ్యండి. గొడవ వదిలిపోతుంది," అన్నాడు డైరెక్టరు.

 రికార్డిస్టు అక్క వైపు చూడలేదు, పాపం. చూడక్కర్లేదు కూడా. మీట నొక్కిన వేలు ఆవిడ చేతికే ఉంది. మిగిలింది సినిమాలో కలిసిపోయిన ధ్వని ఒక్కటే. అందులో అడుగుల మీద వయొలిన్లూ, మంటల చప్పుడూ, పిల్లల వెక్కిళ్లూ. పిండితో కలిసిన నీళ్లు, వెనక్కి తీయడం కుదరదు.

"నేనే నడుస్తాను. వారం రోజులివ్వండి," అంది అక్క.

వారం కాస్తా పదకొండు రోజులైంది. కుడి బూటులో గులకరాయి వేసుకుంది, అరికాలు బొబ్బలెక్కింది, అడుగు రాలేదు. మోకాలికి బిగించి గుడ్డ కట్టింది, రాలేదు. చీలమండకి ఇసక సంచి కట్టుకుంది. కుంటు వచ్చింది గానీ, వేషం కట్టినవాడి కుంటు వచ్చింది. నొప్పి ఉన్నవాడు నొప్పిని దాచిపెట్టి నడుస్తాడు. ఆవిడ ఇప్పుడు లేని నొప్పిని చూపించి నడుస్తోంది. ఆ తేడా ప్రపంచంలో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. తెలిసీ మెట్లు ఎక్కుతూనే ఉంది.

ఇంట్లోనూ అదే పని పెట్టుకుంది. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చెప్పాలి. స్టూడియోనుంచి వచ్చి గడప దాటగానే కుడికాలు కొంచెం ఈడ్చడం మొదలుపెట్టేది. వంటింట్లోంచి ముందుగదికీ, ముందుగదిలోంచి పెరట్లోకీ, ఒంటరిగా ఉన్నప్పుడు దర్జాగా, ఆయన చెవిన పడే మేరలో కుంటుతూ. మొదటిరోజు ఊపిరి బిగబట్టి టీ తీసుకెళ్లింది. మాస్టారు తల ఇటు తిప్పాడు. ఒక్క క్షణం ఆగాడు. "తెచ్చావా?" అన్నాడు, అంతే. "ఎవరండీ" అనలేదు. ఆ రోజునుంచీ మళ్లీ ఎన్నడూ అడగలేదు. అక్క వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మంచికే ఏడ్చిందనుకుంది.

పదకొండో రోజు డైరెక్టరు చేతులెత్తేశాడు. "ఇంక టైము లేదక్కా. దీన్నే వాడేద్దాం. పైన సంగీతం పెంచుతాను." ఆయనేమీ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సినిమా పూర్తయ్యాక రికార్డిస్టు మామూలుగా కుర్చీ వేశాడు, మీట చూపించాడు. అక్క దాన్ని ముట్టుకోలేదు. "ఉండనీ, దీన్నెవడు దొంగిలిస్తాడు," అని చెప్పులేసుకుని వచ్చేసింది.

మూడు నెలలకి సినిమా విడుదలైంది, ఆ రోజు ఉదయం ఆటకే మాస్టారు బయల్దేరదీశాడు. వద్దంటే వినడే! "మొదటిది విన్నవాణ్ని, రెండోది వినద్దా?" అని చొక్కా బొత్తాలు పెట్టేసుకున్నాడు. హాలు కిటకిటలాడుతోంది. ఈలలు, కేకలు, గోడమనిషి బొమ్మ వేసిన చొక్కాల్లో పిల్లలు.

సినిమా ఎలా ఉందో తెలుసుకోవడానికి అక్కకి తెర చూడాల్సిన పనిలేదు. జనం కాళ్లు వింటే చాలు. సినిమా పట్టుకుంటే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. జారిపోతుంటే సీట్లకింద చెప్పులు రాపిడి మొదలవుతుంది. మొదటి రెక్కల ఫైటుకి చప్పట్లు కొట్టారు. రెండోదానికి కొందరే కొట్టారు. ఓడ పేలేసరికి చెప్పులు రాపిడి పెట్టాయి. వెనకవరసలో ఎవడో "వీడు మనవాడేనా, మారువేషంలో ఎవడైనా వచ్చాడా?" అన్నాడు. నవ్వులు. అక్క ఆ నవ్వులన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

తెర చీకటైంది. మేడ, మెట్లు, పిల్లల మొహాలు. మొదటి అడుగు పడింది. కుడికాలు అంచుని రాసుకుంది, ఆగింది, దిగబడింది. ఒకటి, రెండు, మూడు. సంగీతం పైనుంచి ఎంత మోగినా ఆవిడకి తన కాలు వినబడుతూనే ఉంది. హాల్లో చెప్పులు ఆగలేదు. మూడేళ్లకింద ఇదే హాల్లో, ఇదే చోట, ఎనిమిదివందల జతల కాళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్ తీశారు. ఎవరో బయటికి దారి వెతుక్కుంటున్నారు.

మాస్టారు చెయ్యి ఆవిడ మోచేతిమీదికి వచ్చింది. నొక్కలేదు, ఊరికే ఆనించాడు.

"ఇది తెలుసు నాకు," అన్నాడు మెల్లిగా.

అక్క ప్రాణం లేచొచ్చింది. "తెలిసిందా అండీ?"

"తెలీకేం? మూణ్ణెల్లుగా ఇంట్లో నువ్వు నడుస్తున్నది ఇదే కదా."

 తెరమీద గోడమనిషి పై అంతస్తుకి చేరుకున్నాడు, పిల్లలు వాటేసుకున్నారు, హాల్లో సగంమంది లేచి నిలబడ్డారు. దీపాలు వెలిగాయి. జనం గొణుక్కుంటూ, ఆవులిస్తూ, మొదటి భాగాన్ని తలుచుకుంటూ వెళ్లిపోయారు. వీళ్లిద్దరూ మాత్రం కూర్చునే ఉన్నారు.

"మొదటిరోజే కనిపెట్టాను," అన్నాడు మాస్టారు. "జీవితమంతా తప్పులు పట్టిన వెధవ చెవి, ఊరుకుంటుందా? అసలు నడకలో నువ్వు కుంటు దాచుకునేదానివి. ఇందులో నాకు వినిపించాలని ఈడుస్తున్నావు. వంటింటి గడప దగ్గర మొదలుపెడతావు, పెరటి తలుపు దగ్గర ఆపేస్తావు."

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నా కోసం అంత అవస్థ పడుతుంటే తప్పు దిద్దమంటావా?" ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "కానీ ఒక్కటడుగుతాను. పదిహేనేళ్లు నువ్వు మూలుగుతూ నిద్రపోవడం విన్నాను. ఆ నొప్పి పోయింది కదా అని నేను సంతోషించకూడదా? నన్ను గుడ్డివాణ్ని చేసింది కళ్లు. మోసపోయినవాణ్ని నువ్వెందుకు చేశావే?"

అక్కకి ఏడుపు ఆగలేదు. "ఎవరండీ అన్నారు మీరు నన్ను. అండీ అన్నారు. మీకు నేను పరాయిదాన్నయిపోయానని..."

"అయ్యావు. నిజమే, అయ్యావు. కొత్త అడుగు నాకు రాలేదు. రాకపోతే నేర్చుకోవాలి గానీ, పాతది అద్దెకి తెచ్చి పెడతావా?" అని ఆయన కళ్లు తుడుచుకుని, చేతికర్ర నేలమీద తట్టాడు. "జనం పోయారుగా? ఆ తలుపు దాకా వెళ్లి మామూలుగా నడిచి రా. వింటాను."

"ఇక్కడా? నవ్వుతారండీ ఎవరైనా."

"ఇందాకా నవ్విన దానికంటేనా? వెళ్లు."

అక్క వెళ్లింది. హాలు ఖాళీ. ఊడ్చే మనిషి ఒకావిడ చీపురు పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వరసల మధ్యకి వచ్చింది. అక్క తలుపు దగ్గర వెనక్కి తిరిగి, నొప్పి లేని రెండు కాళ్లతో, వాలు నేలమీద తన భర్త వైపు నడిచింది. ఆయన కర్రమీద గడ్డం ఆనించి, మెడ చాచి వింటున్నాడు. మొహం మెల్లిగా పక్కకి తిరిగింది. ఊడ్చే మనిషి వైపు తిరిగింది.

"వచ్చావా?" అన్నాడు అటుకేసి, నవ్వుతూ.

చీపురావిడ ఎక్కడిదక్కడ ఆగిపోయి అక్క వైపు చూసింది. అక్క పది అడుగుల దూరంలో ఉంది. కుడికాలు దానంతటదే కొంచెం వెనక్కి వెళ్లింది, ఒక్కసారి ఈడిస్తే చాలు, ఆయన ఇటు తిరుగుతాడు. మూడునెలల అలవాటు మరి. అక్క ఆ కాలిని బలవంతాన ఎత్తి, తిన్నగా నేలమీద పెట్టింది.

"ఇటండీ," అంది.

మాస్టారు మొహంలో నవ్వు చెదిరిపోయింది. తల ఇటు తిప్పుకున్నాడు. 

"తప్పు విన్నాను," అన్నాడు. "ఇంకోసారి."

అక్క తలుపు దగ్గరికి వెళ్లి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి నడవడం మొదలుపెట్టింది.